హయత్‌నగర్ పర్వతారోహకులు

హయత్‌నగర్ చుట్టుపక్కల గుట్టల్ని మనం ఎప్పుడో ప్లాట్లు చేసి అమ్మేశాం. ఇక మిగిలిన ఎత్తైన ప్రదేశం కాలనీ స్పీడ్ బ్రేకర్ ఒక్కటే. దాన్ని జయించడానికి మన కుర్రాళ్లు థార్‌కు లిఫ్ట్ కిట్ వేయించి, 33 అంగుళాల మడ్ టైర్లు బిగిస్తున్నారు. దగ్గర్లో అడవి అంటే వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. అక్కడి కృష్ణజింకలకు పుట్టుకతోనే ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, వాటికి మన అవసరం లేదు.

మహీంద్రా వాళ్లు 2020 అక్టోబరు 2న కొత్త థార్‌ను అమ్మకానికి పెట్టినప్పుడే బండి కింద 226 మిల్లీమీటర్ల ఖాళీ ఇచ్చారు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోతుందన్నారు. మామూలు వానకు చింతలకుంట దగ్గర నిలిచే నీళ్లు దాటడానికి అది చాలు. మనవాడికి చాలదు. ఎందుకయ్యా అంటే, "క్లియరెన్స్ అన్నా, ఆఫ్‌రోడ్ పోవాలె గదా" అంటాడు. ఏ ఆఫ్‌రోడ్ తమ్ముడూ? "అనంతగిరి." ఆ గుట్టల మీదుగా తాండూరు ఆర్టీసీ బస్సు పోతుంది. దానికి లిఫ్ట్ కిట్ లేదు.

సరే, క్లియరెన్సే కావాలనుకుందాం. షాపులో చెప్పని లెక్క ఒకటుంది. థార్ పై రకానికి కంపెనీ వేసే టైరు 255/65 ఆర్18. దాని ఎత్తు సుమారు 31 అంగుళాలు. 33 అంగుళాలది వేస్తే రెండంగుళాలు వచ్చాయని మురిసిపోతాం. కానీ ఇరుసు ఉండేది చక్రం నడుమ. అది లేచేది అంగుళమే. రెండో అంగుళం పైకి పెరిగి ఫెండర్ లోపలి ప్లాస్టిక్‌ను గీకుతుంది. ఆ గీకుడు ఆపడానికి లిఫ్ట్ కిట్. కిట్టు బాడీని లేపుతుంది గానీ వెనక ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్‌ను వెంట్రుకవాసి కూడా లేపదు. రాయి తగిలేదేమో దానికే! కిట్టు, టైర్లు, చక్రాలు అన్నీ కలిపి లక్ష దాటించి, అసలు చోట సంపాదించింది ఒక్క అంగుళం. అబ్దుల్లాపూర్‌మెట్ వెంచర్ల వాళ్లు కూడా అంగుళానికి ఇంత రేటు చెప్పే సాహసం చెయ్యలేదు.

2023 జనవరిలో వెనక చక్రాలకు మాత్రమే శక్తి అందే థార్ వచ్చింది. దాని ముందు చక్రాలు తిరుగుతాయి, లాగవు. వాటికీ మడ్ టైర్లే! బురదలో దిగబడితే పక్క పొలంలోని ట్రాక్టర్ రావాల్సిందే.

పైసా అడక్కుండా వచ్చే బహుమానాలు వేరే ఉన్నాయి. టైరు పెరిగాక మీటరు 80 చూపిస్తే బండి 85లో పోతుంటుంది. ఓడోమీటర్ పదివేలు చూపించేసరికి 10,600 కిలోమీటర్లు తిరిగేసి ఉంటుంది. అమ్మేటప్పుడు నోరు మూసుకుంటే లాభమే. చక్రం బరువెక్కింది, బ్రేకులు పాతవే, కాబట్టి బండి ఆగడానికి ఇంకాస్త దూరం కావాలి. మడ్ టైరు గాడులు పెద్దవి, తడి తారుకు ఆనే రబ్బరు తక్కువ. ఇదంతా విజయవాడ హైవే మీద, హయత్‌నగర్‌లో బస్సు దిగి చేతి సంచితో రోడ్డు దాటే అమ్మ ముందు జరగాలి. బానెట్ లేచింది కనుక ఆమె మనవడు డ్రైవరుకు కనబడడు. హెడ్‌లైట్లు మాత్రం ఎదురుగా వచ్చే స్కూటీ అమ్మాయి కళ్లలోకి సరిగ్గా గురి కుదురుతాయి.

పెద్ద టైరుకు పని లేదని కాదు. 2007లో బీబీసీ టాప్ గేర్ వాళ్లు ఉత్తర అయస్కాంత ధ్రువం దిక్కుగా మంచు మీద నడిపిన టొయోటా హైలక్స్‌కు 38 అంగుళాలవి వేశారు. మంచులో అలాంటి టైర్లకు గాలి బాగా తగ్గిస్తారు, మెత్తబడిన టైరు పరుచుకుని దిగబడకుండా పోతుంది. మనవాడు గాలి తియ్యడు. టైరు నిక్కి కనబడాలి కదా! మన దగ్గరా నిజంగా అడవి దారులు పట్టేవాళ్లు కొందరున్నారు. వాళ్ల బండ్లకు బురద ఉంటుంది, ప్రతి ఆదివారం ఫోమ్ వాష్ ఉండదు.

అంత దూరమెందుకు, మన వరి రైతును చూడండి. దమ్ము చేయడానికి ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్ తగిలిస్తాడు. వాటితోనే తారు రోడ్డెక్కితే రోడ్డు పాడుచేశావని అధికారులు జరిమానా వేస్తారు. పొలంలో పనిచేసే చక్రానికి రోడ్డు మీద జరిమానా, పొలం మొహం చూడని చక్రానికి రోడ్డు మీద సెల్ఫీ.

చట్టం మాత్రం ఊరుకోలేదు. రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ ఇచ్చిన లెక్కకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఇంత విన్నా మనసు ఆగకపోతే, ముందు ఆర్టీఏ ఆఫీసుకు ఒకటి, బీమా కంపెనీకి ఒకటి కాగితం రాయండి. వాళ్ల జవాబు చేతికొచ్చాకే టైర్ల షాపు మెట్లెక్కండి.