‘ధారాళముగా వచ్చును’: టీకా తాత్పర్య సహితము

మూలం: “మేడపైన రేకుల పోర్షన్, ఫాల్స్ సీలింగు కలదు. గాలి వెలుతురు ధారాళముగా వచ్చును.” ఇది అద్దెబోర్డుల వాఙ్మయం, కర్త అజ్ఞాతుడు.

టీక: గాలి, వెలుతురు సులభ పదాలు గనుక వదిలేద్దాం, ఇల్లు కట్టినవాడూ వాటిని వదిలేశాడు. చిక్కంతా ‘వచ్చును’తోనే. ఇది తద్ధర్మార్థకమని వైయాకరణులు, భవిష్యదర్థకమని అద్దెకు దిగినవాళ్లు. ఏదైనా కానీ, ‘పోవును’ అనే క్రియ మూలంలో ఎక్కడా లేదు. పోయే దారి లేనిచోటికి గాలి రాదు. అమరకోశం వాతాయనాన్నీ గవాక్షాన్నీ పక్కపక్కనే కూర్చోబెట్టింది. వాతాయనమంటే గాలి నడిచే బాట. బాటకు రెండు కొసలుండాలి. ఇక గవాక్షం (గో + అక్షి) మాటకొస్తే, ‘గో’ శబ్దానికి అచ్చు పరమైతే అవఙాదేశం (‘ఓ’ బదులు ‘అవ’) వస్తుందని పాణిని, స్ఫోటాయనుడనే వైయాకరణుడి పేరు చెప్పి, వికల్పంగా విధించాడు. గవాక్షం విషయంలో మాత్రం అది నిత్యమేనని వ్యాఖ్యాతలు బిగించారు. ఇలా వ్యాకరణంలో నిత్యమైన గవాక్షం మేస్త్రీ చేతిలో మళ్లీ వికల్పమైంది. పైగా ఈ ‘అక్షి’ చివర సమాసాంత ప్రత్యయం రావాలంటే అది చూసే కన్ను కాకూడదు. చూడని కన్నని పాణిని ఒప్పుకున్నాడు సరే, ఊపిరాడని కన్నని అనలేదే!

తాత్పర్యం: రేకుకూ సీలింగుకూ నడుమ చిక్కిన జానెడు ఖాళీ, ఎవరూ ఒప్పుకోకపోయినా, అటకే. ఎండకు అందులో గాలి వేడెక్కి, తేలికై, కొప్పుకు చేరుతుంది. అక్కడ సందుంటే బయటపడుతుంది, చూరు కింది సందులోంచి మరో గాలి ఆ చోటికొస్తుంది. అమెరికా గృహనిర్మాణ నియమావళి అటక వైశాల్యంలో 150వ వంతు గాలిదారి అడుగుతుంది. పైనా కిందా పంచి పెడితే, మరికొన్ని షరతులతో, 300వ వంతు చాలంటుంది. అంటే 300 చదరపు అడుగుల పోర్షన్‌కు ఒక్క చదరపు అడుగు. ఆ ఒక్క అడుగుకే ఇక్కడ దిక్కులేదు. గూనపెంకుటిళ్లకు పెంకుల సందులే గాలిదారులు. వాటి మీద ఎవరూ ‘ధారాళము’ అని రాయించలేదు.

పూర్వపక్షం: మేలో వడగాలిని లోపలికి పిలవడమేమిటి? రేకుకింద కాగే గాలి వడగాలికన్నా వేడి. కనుక వడగాలి కూడా అక్కడి వేడిని కొంత మోసుకుపోతుంది. రేకుమీద తెల్లరంగు చాలదా? రంగు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, తక్కినది లోపలే కాగుతుంది, రెండూ కావాలి. ఏసీ ఉంది కదా? ఉంది, అందుకే కొన్ని ప్రతుల్లో ‘కరెంటు బిల్లు ధారాళముగా వచ్చును’ అని పాఠాంతరం. ఎలుకలు, పావురాలు దూరవా? జాలీ కొట్టిస్తే దూరవు. ఆపాటి జాలీ కూడా కొట్టించకుండా చూరు సందుల్ని సిమెంటుతో మెత్తేవాళ్లు, బోర్డులో ‘రేకుల పోర్షన్’ వరకు ఉంచి తక్కింది చెరిపేస్తే మూలం నిర్దుష్టమవుతుంది.