దిగులు ఎన్ని నానోగ్రాములు?

చేయి చాపి రక్తమిస్తే చాలు, మనసు సంగతి సాయంత్రానికల్లా వాట్సాప్‌లో వచ్చేస్తుందట. సెరటోనిన్, కార్టిసాల్, డి విటమిన్, బి12 అన్నీ కలిపి ఒక ప్యాకేజీ, దానికి ‘మూడ్ ప్రొఫైల్’ అని ముద్దుపేరు. “కారూ ఇల్లూ ఉన్నాయి, నీకేం తక్కువ?” అని పీక్కుతినే బంధువులకు ఇకపై రిపోర్టే జవాబు చెబుతుంది: తక్కువైంది ఫలానాది, ఇన్ని నానోగ్రాములు.

సెరటోనిన్ సంగతే చూడండి. ఒంట్లో ఉన్నదాంట్లో నూటికి తొంభై పాళ్ళు పేగుల్లో పుట్టిందే. రక్తంలోకి వచ్చాక ప్లేట్‌లెట్లు దాన్ని మూటగట్టుకుని తిరుగుతాయి. మెదడులోకి దానికి ప్రవేశం లేదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. రక్తంలో ఈ లెక్క చూసి మనిషి దిగులు తేల్చడమంటే, పక్కింటి మీటరు చదివి మనకు కరెంటు బిల్లు వేయడమే.

అసలు తమాషా ఇంకోటుంది. ఫ్లూఆక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు ప్లేట్‌లెట్లను కూడా సెరటోనిన్ పీల్చుకోనివ్వవు. మందు వాడి, కోలుకుని, హాయిగా ఉద్యోగానికి వెళ్తున్న మనిషికి పరీక్ష చేయిస్తే రక్తంలో సెరటోనిన్ అడుగంటి కనిపిస్తుంది. ప్యాకేజీ లెక్కన ఆయన తక్షణం ఏడవాలి.

ఈ మోజు కొత్తదేం కాదు. 1981లో అమెరికాలో బెర్నార్డ్ కారల్ బృందం ఒక పరీక్షను ముందుకు తెచ్చింది. రాత్రి ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ మింగించి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ తగ్గిందో లేదో చూసేవారు. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే మెలాంకోలియా, అంటే తీవ్రమైన డిప్రెషన్, అన్నమాట. సైకియాట్రీకీ ఒక ల్యాబ్ దొరికిందని లోకం మురిసింది. తీరా చూస్తే తాగుడు మానుతున్నవాళ్ళలోనూ, బరువు తగ్గినవాళ్ళలోనూ, డిమెన్షియా వచ్చిన పెద్దవాళ్ళలోనూ అంకె గీత దాటింది. కారల్‌ను తప్పుపట్టలేం. ఆయన చెప్పింది తీవ్రమైన మెలాంకోలియా గురించి, వాడినవాళ్ళు దాన్ని ప్రతి విచారానికీ అంటగట్టారు. కొన్నేళ్ళకే ఆ పరీక్ష మూలనపడింది.

డి విటమిన్ ముచ్చటా తీరింది. అమెరికాలో 18 వేల పైచిలుకు పెద్దవాళ్ళపై ఐదేళ్ళకు పైగా చేసిన పరిశోధన ఫలితం 2020లో వచ్చింది: ఆ బిళ్ళలు డిప్రెషన్‌ను అడ్డుకోలేదు.

రక్తపరీక్షలన్నీ దండగని కాదు. థైరాయిడ్ మందగించినా దిగులు లాగే ఉంటుంది, టీఎస్‌హెచ్ చూడాల్సిందే. లిథియం వాడేవాళ్ళకు రక్తంలో దాని మోతాదు చూడకపోతే ప్రమాదం, ఎందుకంటే మేలుచేసే మోతాదుకూ విషానికీ మధ్య ఎడం బెత్తెడే. కానీ ఇవి గ్రంథినీ మందునూ కొలుస్తాయి. సంతోషాన్ని కొలుస్తామని ఎప్పుడూ చెప్పుకోలేదు పాపం.

పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. రెండు వారాలుగా నిద్ర ఎలా ఉంది, తిండి సహిస్తోందా, చచ్చిపోతే బాగుండనిపించిందా అని అడుగుతుంది. రోగాన్ని అదొక్కటే తేల్చేయదు గానీ, డాక్టరుకూ మనిషికీ మధ్య మాట మొదలవుతుంది. దానికి సూది లేదు, ఫీజు లేదు. మరి అందులో ల్యాబ్‌కేం మిగులుతుంది, రాసి పంపినవాళ్ళకు కమీషనేం ముడుతుంది?