అంగుళానికి రెండున్నర సెకన్లు

పెరటి ఫిరంగి దొరగారిని గుర్తుపట్టడానికి పక్కన ఫిరంగి ఉండనక్కర్లేదు. పెన్సిల్వేనియాలోనో ఒహాయోలోనో ఏ చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో కనబడినా తెలిసిపోతుంది. వయసు అరవై దాటి ఉంటుంది. చొక్కా జేబులో కళ్లజోడు, చిన్న స్కేలు, బుల్లి కత్తెర ఉంటాయి. ఎవరైనా పలకరిస్తే "ఆఁ?" అంటూ కుడిచెవి ముందుకు పెడతారు. ఆ చెవుడు ఫిరంగి వల్ల వచ్చింది కాదనీ, ముప్పై ఏళ్లు లేతు మిషను పక్కన నిలబడినందుకు కంపెనీ ఇచ్చిన బహుమానమనీ ఆయన వాదన. భార్య వాదన వేరు.

వాళ్లింటికి వెళితే కారు బయట వానలో తడుస్తూ ఉంటుంది. గ్యారేజీలో ఫిరంగి ఉంది మరి.

అది అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు రెండూ వాడిన 1857 మోడల్ నెపోలియన్ ఫిరంగికి మూడో వంతు నమూనా. అసలు ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 4.62 అంగుళాలు. మూడో వంతంటే 1.54 రావాలి. కానీ ఆట నిబంధనల ప్రకారం గోల్ఫ్ బంతి 1.68 అంగుళాలకు తగ్గకూడదు. ఖాళీగా మందు పెట్టి మోగించడమే కాకుండా, స్నేహితుడి పొలంలో మట్టిగుట్ట మీదికి అప్పుడప్పుడు బంతి వదలాలన్న కోరిక దొరగారికి ఉంది. చరిత్రా, గోల్ఫా అని కొన్నాళ్లు మథనపడి, చివరికి గోల్ఫ్ వైపే మొగ్గారు. ఆ సంగతి చరిత్ర సంఘం మిత్రుల దగ్గర మాత్రం ఎత్తరు.

"ఇదంతా చట్టబద్ధమేనా?" అని పొరపాటున అడిగారో, ఓ గంట పోయినట్టే. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారై, ముందు మూతి నుంచి మందు కూరే ఫిరంగిని, దాని నమూనాను అమెరికా కేంద్ర చట్టం పురాతన ఆయుధం కిందే జమకడుతుంది. అలాంటి పురాతన ఆయుధాల్లో వినోదానికో, క్రీడకో, సాంస్కృతిక కార్యక్రమానికో వాడుకోవడానికి, కంపెనీ తయారీ తుపాకీమందు 50 పౌండ్ల వరకు, అంటే 23 కిలోల లోపు, లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. ఒత్తులకూ అదే మినహాయింపు. ఈ సెక్షను దొరగారికి కంఠతా వచ్చు. ఆపైన రాష్ట్రానికో నియమం, కౌంటీకో నియమం, ఊరికో శబ్ద నియంత్రణ ఉన్నాయి. అవీ కంఠతానే. పెళ్లిరోజు తేదీ ఒక్కటే ఆయనకు జ్ఞాపకం ఉండదు.

ఇంతా చేసి ఫిరంగి గురించి ఆయన మాట్లాడేది తక్కువ. నోరు తెరిస్తే ఒత్తి గురించే. గొట్టం ఒకసారి కొంటే మనవల దాకా ఉంటుందనీ, ఒకే రకం మందు ఏ డబ్బాలోదైనా దాదాపు ఒకేలా కాలుతుందనీ, మనిషి ప్రాణం ఆధారపడేది ఆ ఆకుపచ్చ దారం మీదేననీ అంటారు. వినడానికి అతిగా ఉంటుంది గానీ, ఆయనకు దన్నుగా చరిత్ర ఉంది.

ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరం గనుల్లో ఒకప్పుడు రాయి పగలగొట్టడానికి పెద్దబాతు ఈకల గొట్టాల్లో మందు కూరి ఒత్తిగా వాడేవారు. ఒకటి అంటించగానే పేలేది. ఇంకొకటి ఎంతకీ పేలేది కాదు, ఏమైందో చూద్దామని పనివాడు దగ్గరికెళ్లాక పేలేది. ఈ చావులు చూడలేక విలియం బిక్‌ఫర్డ్ అనే తోళ్ల వ్యాపారి దారి వెతికాడు. తాళ్లు పేనే చోట పోగులు మెలిక తిరగడం చూసి, ఆ పోగుల నడుమ సన్నటి మందు ధార పోస్తే సరిపోతుందని ఊహించాడు. 1831లో పేటెంటు పొందాడు. ఆ తాడు అడుగుకు సుమారు అర నిమిషం చొప్పున నింపాదిగా కాలింది. అంటించిన పనివాడికి నడిచి వెళ్లే వ్యవధి దక్కింది. మూడేళ్లకే బిక్‌ఫర్డ్ పోయాడు. ఆయన తాడు మాత్రం 1836 కల్లా అట్లాంటిక్ దాటి కనెటికట్‌లో తయారవడం మొదలైంది. దొరగారు ఏటా స్వాతంత్ర్య దినోత్సవం జూలై 4న మొదటి బీరు గ్లాసు ఎత్తేది వాషింగ్టన్ పేరు మీద కాదు, బిక్‌ఫర్డ్ పేరు మీద.

ఇప్పుడు చిన్న ఫిరంగులకు వాడే ఒత్తిని విస్కో అంటారు. నడుమ తుపాకీమందు, దాని చుట్టూ రెండు వరసల్లో నూలు, పైన నీరు అంటని పూత. అమెరికాలో దొరికే మామూలు రకం 3/32 అంగుళం మందం, అంటే రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఫిరంగి వెనక భాగంలో ఒత్తికోసం పెట్టే రంధ్రం దీనికంటే కొంచెం పెద్దదిగా ఉండాలి. దొరగారి ఫిరంగికి 1/8 అంగుళం. ఒత్తి బిగుసుకోకుండా కిందికి దిగి మందును తాకాలి. ఈ ఒత్తి అంగుళం కాలడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. తనకు కావలసిన ప్రాణవాయువును మందులోనే మోసుకెళుతుంది కాబట్టి ఒకసారి అంటుకుంటే ఊదినా ఆరదు, తొక్కినా ఆరదు, నీళ్లలో కూడా కాలుతూనే పోతుంది.

ఆయన ఒత్తి కొనే తంతు చూసి తీరాలి. పోస్టాఫీసు పేలుడు సరుకు ముట్టుకోదు, విమానంలో ఏ పెట్టెలోనూ పెట్టనివ్వరు. అందుకని బాణాసంచా సామాను అమ్మే దుకాణానికి ఆయనే వంద మైళ్లు కారు తోలుకుంటూ వెళతారు. అక్కడ ఆకుపచ్చ చుట్ట, ఎర్ర చుట్ట, గులాబీ చుట్ట వరసగా ఉంటాయి. రంగును బట్టి వేగం తెలుస్తుందని నమ్మే అమాయకులు చాలామంది. ఒక కంపెనీ ఆకుపచ్చ నింపాదిగా కాలితే ఇంకో కంపెనీ ఆకుపచ్చ పరుగులు పెట్టొచ్చు. దొరగారు చీటీ మీద రాసిన వేగం చదువుతారు, తయారీదారు పేరు చూస్తారు, ఆ తర్వాత కొసను పట్టుకుని, సంతలో బెండకాయ విరిచి చూసే ఇల్లాలిలా, మెల్లగా వంచి చూస్తారు. పూత పగిలినా, మందు రాలినా, నూలు విడినా పక్కన పెట్టేస్తారు. కాగితపు గొట్టంలో వచ్చే క్విక్‌మ్యాచ్ జోలికి మాత్రం పోరు. అది బాణాసంచా నిపుణులు ఎన్నో గుండ్లను ఒకేసారి అంటించడానికి వాడేది. సెకనుకు మీటర్ల లెక్కన పరిగెత్తుతుంది. ఇక్కడ అంటిస్తే అక్కడ పేలుతుంది, మధ్యలో మనిషికి గడువు లేదు.

కొన్న చుట్టను నేరుగా వాడతారనుకుంటే దొరగారు మీకు అర్థం కానట్టే. ప్రతి చుట్ట నుంచి అడుగు ముక్క కత్తిరించి, మందుడబ్బాకు దూరంగా కంకర నేల మీద పరిచి అంటించి, స్టాప్‌వాచ్ నొక్కుతారు. వచ్చిన సెకన్లు నోటుపుస్తకంలో రాస్తారు. ఒకే కంపెనీ సరుకైనా చుట్టకూ చుట్టకూ తేడా ఉంటుంది. నిలవ ఉన్నదానికి, చెమ్మ తగిలినదానికి మరీ తేడా. మనవళ్ల ఎత్తు గీతలు గోడ మీద చెరిగిపోయాయి గానీ, ఒత్తుల సెకన్ల లెక్క మాత్రం మొదటి చుట్ట నుంచీ భద్రంగా ఉంది.

ఈ సెకన్ల పిచ్చి ముదిరి ఒక ఏడాది దొరగారికి సంగీతం మీదికి మనసు పోయింది. చైకోవ్‌స్కీ 1880లో రాసిన 1812 ఓవర్చర్‌లో 16 ఫిరంగి మోతలు ఉన్నాయి. 1974 నుంచి బోస్టన్ పాప్స్ వాద్యబృందం స్వాతంత్ర్య దినోత్సవ కచేరీలో దాన్ని నిజం ఫిరంగులతో వాయించి దేశమంతటికీ అలవాటు చేసింది. టేపురికార్డరు పెట్టి, ఒత్తిని అంగుళాల్లో కొలిచి, సరిగ్గా తాళానికి మోగిద్దామని దొరగారి పథకం. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. అసలు కచేరీల్లో కరెంటుతో పేలుస్తారు కాబట్టి తాళం కుదురుతుంది. ఒత్తికి పదో వంతు తేడా మామూలు, పది సెకన్ల ఒత్తి మీద ఒక సెకను అటో ఇటో అయితే చైకోవ్‌స్కీ ఏమవ్వాలి? అది కాక, ఒక పేల్పుకూ ఇంకోదానికీ నడుమ కనీసం ఐదు నిమిషాలు ఆగాలన్నది దొరగారి సొంత నియమం. 16 మోతలకు 15 విరామాలు, మొత్తం 75 నిమిషాలు. పాటేమో పావుగంట. అందువల్ల ఒక్క మోతతో కచేరీ ముగిసింది. అదీ పాట అయిపోయి, చుట్టాలు చప్పట్లు కొట్టి, బంగాళాదుంప సలాడ్ దగ్గరికి వెళ్లాక మోగింది.

ఆ ఐదు నిమిషాలు సోమరితనం కాదు. తుపాకీమందు కాలితే సగానికి పైగా మసిగా, ఉప్పులుగా మారుతుంది, అందులో కొంత గొట్టంలోనే మిగిలిపోతుంది. అందులో ఎక్కడో ఒక నిప్పు నలుసు దాక్కుంటే, తర్వాత కూరే మందు కూరుతుండగానే అంటుకుంటుంది. అందుకే తడి గుడ్డ కర్రతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి గొట్టం తుడుస్తారు. ఎంత మందు పెట్టాలో తయారీదారు చెప్పిన కొలత దాటరు. కూరేటప్పుడు మూతికి ఎదురుగా నిలబడరు. ఒత్తి పెట్టాక రంధ్రం మీదికి వంగరు, ఎందుకంటే పేలినప్పుడు మంట అందులోంచి కూడా నిట్టనిలువుగా ఎగజిమ్ముతుంది. చెవులకు మూతలు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పొడుగు లైటరుతో పక్కనుంచి అంటించి, పరుగెత్తకుండా నడిచి వస్తారు. పరుగెత్తాల్సి వచ్చిందంటే ఒత్తి పొట్టిగా కోసినట్టేనని ఆయన సూత్రం.

ఒత్తి కాలిపోయి ఫిరంగి మూగదైపోతే దొరగారి అసలు రూపం బయటపడుతుంది. అరగంటసేపు ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. గవర్నరు వచ్చినా ఆయన నేల మీద గీసిన గీత అవతలే. ఆ తర్వాత పక్కనుంచి చెయ్యి చాచి రంధ్రంలో నీళ్లు పోస్తారు. ఈ అరగంటలో చుట్టాలకు కబుర్లు కావాలి కాబట్టి 1613 జూన్ 29 నాటి కథ మొదలుపెడతారు. లండన్ గ్లోబ్ థియేటర్లో షేక్‌స్పియర్ నాటకం ఆడుతుండగా రాజుగారి ప్రవేశానికి ఫిరంగి మోగించారు. రవ్వ ఎగిరి గడ్డికప్పు మీద పడింది, థియేటరు మొత్తం బూడిదైంది. ఒకాయన లాగు అంటుకుంటే సీసాలోని బీరు పోసి ఆర్పారని అప్పటి ఉత్తరంలో ఉంది. చుట్టాలకు ఈ కథ వచ్చే చోటు తెలుసు. లాగు దగ్గరికి రాగానే అందరూ కలిసి నవ్వుతారు.

ప్రతి ఫిరంగి దొరగారికీ ఒక బావమరిది ఉంటాడు. ఇద్దరికీ సరుకు ఒకటే, బుద్ధులు వేరు. బావమరిదికి ఒత్తి మీద డబ్బు తగలేయడం ఇష్టం లేదు. అంగుళంన్నర ముక్కతో నాలుగు సెకన్లలో పని జరుగుతుండగా నాలుగంగుళాలు ఎందుకంటాడు. పాత బాణాసంచాలోంచి లాగిన ఒత్తి పనికొస్తుందంటాడు. ఒత్తి చుట్టనూ మందుడబ్బానూ ఒకే పెట్టెలో పెడతాడు, పెట్టె మీద సిగరెట్టు పెడతాడు. ఒకసారి షోకేసులో పెట్టుకునే ఇత్తడి బొమ్మఫిరంగి పట్టుకొచ్చి దాంట్లో, అదీ ఆధునిక తూటాల్లోని పొగరాని మందు పోద్దామన్నాడు. ఆ మందు పీడనానికి పాతకాలపు గొట్టమే తట్టుకోదు, బొమ్మ ఎక్కడ తట్టుకుంటుంది?

దొరగారు బొమ్మను లాక్కుని, 1844 ఫిబ్రవరి 28న పొటోమాక్ నది మీద ప్రిన్స్‌టన్ అనే యుద్ధనౌకలో ఏం జరిగిందో చెప్పారు. శాంతిదూత అనే అర్థం వచ్చే పేరు పెట్టిన పెద్ద ఫిరంగి, పెద్దమనుషుల ముందు గొప్పకు పేలుస్తుంటే పగిలిపోయింది. విదేశాంగ మంత్రి అప్షర్, నౌకాదళ మంత్రి గిల్మర్ సహా ఆరుగురు పోయారు. కింది అంతస్తులో ఉన్న అధ్యక్షుడు టైలర్ బతికిపోయాడు. "అయితే మనం కింద నిలబడదాం బావా" అన్నాడు బావమరిది.

ఈ మధ్య పక్కింట్లోకి ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాడు దిగాడు. చిన్నప్పుడు దీపావళికి లక్ష్మీబాంబు ఒత్తి మీది కాగితం చించి, కొస బయటకు లాగి, వంగి అంటించి, చెప్పులు వదిలేసి పరుగెత్తిన అనుభవం అతనికి దండిగా ఉంది. ఆ సంగతి సరదాగా చెప్పాడు. దొరగారు నవ్వలేదు. జేబులోంచి నోటుపుస్తకం తీసి, "ఆ ఒత్తి అంగుళానికి ఎన్ని సెకన్లు?" అని అడిగారు. కుర్రాడు నీళ్లు నమిలాడు. అప్పట్నుంచి దొరగారి దృష్టిలో అతను బావమరిది వర్గం. ఫిరంగికి ముప్పై అడుగుల అవతల, వెనక పక్కగా అతనికి విడిగా ఒక కుర్చీ వేస్తున్నారు.

జూలై 4న మీరు ఆ దేశంలో ఉండి, ఇలాంటి దొరగారు పిలిస్తే తప్పకుండా వెళ్లండి. చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. చంటిపిల్లల్ని, కుక్కని ఇంట్లోనే ఉంచండి. గీత ఎక్కడ గీస్తే అక్కడే నిలబడండి. గ్లోబ్ కథలో లాగు దగ్గర నవ్వడం మరవకండి. పిలిచింది బావమరిది అయితే మాత్రం, ఆ రోజు ఇంకో ఊళ్లో పెళ్లి ఉందని చెప్పెయ్యండి.