కూర్చున్నవాడికి కిలో

2012 లండన్ ఒలింపిక్స్ కోసం బ్రిటన్ రాయల్ మింట్ వారు 29 రకాల 50 పెన్నీల నాణేలు వదిలారు. ఫుట్‌బాల్ నాణెం మీద గోలు కొట్టే వీరుడెవరూ లేడు. ఆఫ్‌సైడ్ నియమాన్ని బొమ్మ గీసి బోధించారు! ఆ ఆటను కనిపెట్టామని చెప్పుకునే దేశం, ఇన్నేళ్లకు ఆ రూలేమిటో జనానికి చిల్లరతో నేర్పాల్సి వచ్చింది. చూసినవాళ్లలో ఎందరికి అర్థమైందో అడక్కండి. రిఫరీలకైనా తలా ఒకటి పంచాల్సింది.

ఈత నాణెం కథ వేరు. మొదట గీసిన బొమ్మలో నీటి గీతలు ఈతగాడి ముఖాన్ని కప్పేశాయి. తర్వాత సరిదిద్దారు గానీ, అప్పటికే కొన్ని పాతవి బయటికి జారిపోయాయి. సేకర్తలు ఇప్పుడు ముఖం కనిపించని ఆ నాణేనికే ముఖవిలువకు వందల రెట్లు పోస్తున్నారు. చక్కగా కనిపించే ఈతగాణ్ణి అడిగే నాథుడు లేడు.

అసలు తమాషా కిలో బంగారు నాణెం. దాని మీద అచ్చేసిన విలువ 1,000 పౌండ్లు. అమ్మిన ధర లక్ష పౌండ్లు! లక్ష పోసి వెయ్యి నోటు కొనమంటే మన దగ్గర పోలీసులను పిలుస్తారు. అక్కడ పెట్టెలో పెట్టి సర్టిఫికెట్ ఇచ్చారు.

అన్నట్టు, ఆ ఒలింపిక్స్‌లో గెలిచినవాడి మెడలో వేసిన బంగారు పతకంలో అసలు బంగారం సుమారు ఆరు గ్రాములే. మిగతాదంతా దాదాపు వెండి.