పద్మినీ ప్రబోధము

కావ్యం మొదలుపెట్టేముందు విఘ్నేశ్వరుణ్ణి తలుచుకోవడం కవుల మర్యాద. అయితే ఆయన వాహనమే మన కథానాయిక వైర్లు కొరికిపెట్టింది గనక ఆ స్తుతిని ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాం. బదులుగా పెద్దనగారికి ఒక నమస్కారం. కృష్ణరాయలు ఆయనకిచ్చిన కోకటం అగ్రహారం ఈ కమలాపురం మండలంలోనే ఉంది. అంతటి ప్రబంధకవి పంట తిన్న గడ్డ మీద, ఒక కారు ఇంజనుకు కంప్రెషన్ లేదన్న సంగతిని చప్పగా చెప్పేస్తే ఊరి పరువు నిలుస్తుందా?

పురవర్ణన క్లుప్తంగా కానిస్తాం. పాపాఘ్ని ఒడ్డున ఊరు. నీళ్లొచ్చాయంటే జనం పనులు మానుకుని చూడ్డానికి పోయే నది అది. ఆపైన పెన్నలో కలుస్తుంది. మద్రాసు–బొంబాయి రైలుదారి, ఉరుసుకు కిటకిటలాడే దర్గా, ఎర్రగుంట్ల దిక్కునుంచి దుమ్ము కప్పుకుని వచ్చే లారీలు. ఎండను వర్ణించము. దానికి మా సాయం అక్కర్లేదు.

ఆ పురమందు, రిటైరైన అయివారి ఇంటి వెనక, నాపబండల కొట్టంలో, ధూళిధూసరిత గాత్రియై ఒక ప్రీమియర్ పద్మిని శయనించి ఉన్నది. ఇటలీ ఫియట్ వంశం, బొంబాయి కుర్లాలో జననం, 1089 సీసీల గుండె, స్టీరింగు పక్కనే గేరు. పద్మినీ జాతి నాయిక మేన తామరపూల పరిమళం వీస్తుందని శాస్త్రం. ఈ పద్మిని డోరు తెరిస్తే వీచినవి ఎలుకపెంట, పాత రెక్సిను, పులిసిపోయిన పెట్రోలు. ఊర్మిళ పద్నాలుగేండ్లు నిద్రపోయింది. ఈమె అందులో సగం పూర్తిచేసింది. అంతలో బెంగళూరునుంచి అల్లుడు దిగాడు.

దిగినవాడు కొత్త బ్యాటరీ తెచ్చాడు, కొరికిన వైర్లు అతికించాడు, కొత్త పెట్రోలు పోశాడు, చోకు పూర్తిగా లాగి తాళం తిప్పాడు. ఆరోగ్యంగా ఉన్న ఇంజను స్టార్టరు తిప్పుతుంటే ఆగి ఆగి, బరువెత్తుతున్నట్టు మూలుగుతుంది. ఒక్కో పిస్టను గాలిని నొక్కేటప్పుడు వచ్చే ఆయాసం అది. ఈ ఇంజను మాత్రం బాబిను దారం తెగిన కుట్టుమిషనులాగా జుయ్యిమని తేలిగ్గా తిరిగిపోయింది. అల్లుడు పట్టు విడవలేదు. తిప్పినకొద్దీ చోకు గుండా పచ్చి పెట్రోలు దిగి, సిలిండరు గోడలమీద మిగిలిన ఆ కాస్త ఆయిలు పొరను కూడా కడిగేసింది. మనుచరిత్రలో ప్రవరుడికి జరిగింది ఇదే గదా! కాళ్లకు పూసుకున్న పసరు మంచుకు కరిగింది, హిమాలయం మీద ఇరుక్కుపోయాడు. రింగుకూ గోడకూ నడుమ ఆయిలే ఆ పసరు. అది కరిగితే పిస్టను ఎంత ఎగిరినా గాలి పక్కసందుల్లోంచి జారుకుంటుంది.

"మామా, ఇంజను పోయింది. హెడ్డు దించి బోరింగుకు పంపాల్సిందే" అని అల్లుడు తీర్పు చెప్పాడు. సోఫాలో కూర్చుని ఇచ్చే తీర్పుల్లో ఇంత ఖరీదైనది ఇంకోటి లేదని మా అభిప్రాయం.

అప్పుడు ప్రవేశించెను మెకానిక్కు భాయ్. కిరీటం మాసిన టోపీ, గద ఇరవైఒకటి నంబరు ప్లగ్గు స్పానరు. వచ్చీరాగానే ముందు బంపరు కంతలోంచి హ్యాండిలు దూర్చి మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. నాలుగు సిలిండర్ల ఇంజను గనక రెండు చుట్లలో నాలుగుసార్లు చేతికి ఎదురు తగలాలి. మూడుసార్లు నీరసంగా తగిలింది. నాలుగోది తగిలీ తగలనట్టు జారిపోయింది.

"హెడ్డు దించితే ఏం తెలుస్చాది సార్, గ్యాస్కెట్టు దండగ గాకుండా? ముందు రోగం యాడుందో సూద్దాం."

కాయిలు వైరు పీకాడు. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఏది ఏ సిలిండరుదో తెలిసేటట్టు గుడ్డమీద వరసగా పేర్చాడు. అల్లుడికి యాక్సిలరేటరును అడుగంటా తొక్కిపట్టే మహత్కార్యం అప్పగించాడు. అది మూసుంటే లోపలికి గాలే రాదు, గేజి అబద్ధం చెబుతుంది. బ్యాటరీ డల్లుగా ఉన్నా అంతే. గేజి బిగించి స్టార్టరు తిప్పగా ముల్లు మెట్టుమెట్టుగా లేచింది. ఒకటో సిలిండరు 90, రెండు 85, మూడు 40, నాలుగు 90 పీఎస్సై. ఇంత పాతకాలపు ఇంజనుకు 120 దాటితే భేష్. అయినా అంకె చిన్నదని భాయ్ కంగారుపడలేదు. నాలుగింటికీ పొత్తు కుదరాలన్నదే ఆయన పట్టుదల. మూడూ నాలుగూ పక్కపక్కనే ఉండి జంటగా పడిపోయి ఉంటే నడుమ గ్యాస్కెట్టు కాలిందని అనుమానించేవాడు. ఇక్కడ మూడోది ఒంటరిగా అలిగింది.

తర్వాత జరిగినది అమృతం పంచిన ఘట్టం. ఒక్కో ప్లగ్గు కంతలో స్పూనుడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలిచాడు. ఒకటి, రెండు, నాలుగు ఒక్కుమ్మడిగా 120 మీదికి ఎగబాకాయి. అంటే అక్కడ లోటు రింగుల దగ్గర. కడుక్కుపోయిన పసరు తిరిగొచ్చింది, సందు మూసుకుంది. మూడోది 40 దగ్గరే మొండికేసింది. ఆయిలు పిస్టను నెత్తిన కూర్చుంటుంది. పైనున్న వాల్వు కారుతుంటే దాన్ని ఆపలేదు. స్పూను ఆయిలుతో ఇంత తేటగా తేలే రోగానికి ఇంజనంతా విప్పమనేవాళ్లను ఏమనాలి? కుకవినింద ఇక్కడ చేసుకోవచ్చు గానీ అల్లుడు పక్కనే ఉన్నాడు.

వాల్వుల్లో మాత్రం ఏది? పంచరు షాపు కుర్రాడు మోపెడ్డు మీద చిన్న కంప్రెసరు తెచ్చాడు. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఆ ఖాళీ బొక్కకు గొట్టం వెల్డింగు చేసిన ఆయుధం భాయ్ సంచీలోంచి వెలువడింది. ఏ కంపెనీ కేటలాగులోనూ లేని వస్తువది. మూడో పిస్టనును రెండు వాల్వులూ మూసుకునే చోట పైకి తెచ్చి, బండిని గేరులో నిలిపి, గాలి వదిలారు. ఇక నాలుగు దిక్కులకు నలుగురు. కార్బరేటరు దగ్గర బుస్సుమంటే ఇన్‌లెట్టు వాల్వు, ఆయిలు మూత దగ్గరైతే రింగులు, రేడియేటరులో బుడగలొస్తే గ్యాస్కెట్టు. మూడు దిక్కులూ మౌనం. పంచె ఎగ్గట్టి సైలెన్సరు దగ్గర చెవి పెట్టిన అయివారు కేకేశారు: "ఇక్కడ పాము బుసకొడతాంది భాయ్!"

ఎగ్జాస్టు వాల్వు. కారణం లోతైనది. నాలుగు సిలిండర్ల ఇంజను ఎక్కడ ఆగినా ఎవరో ఒకరి తలుపు ఓరగా తెరిచే ఉంటుంది. మన నాయిక నిద్రపోయిననాడు ఆ తలుపు మూడో ఇంటిది. కార్తీకం ముసురుగాలి సైలెన్సరు గుండా వచ్చి, ఆ వాల్వు కాడకు తుప్పు పట్టించింది. గైడులో బిగుసుకున్న వాల్వు సీటుమీద పూర్తిగా కూర్చోవడంలేదు. ఇదే కారు ఏ కోనసీమలోనో, ఉప్పుగాలికి పడుకుని ఉంటే నాలుగు పిస్టన్లూ గోడలకు అతుక్కుపోయేవి. కరువుసీమ ఎండ ఎవరికైనా మేలు చేసిందంటే ఈ ఇంజనుకే.

ట్యాపెట్ కవరు తీస్తే సాక్ష్యం కంటికే కనిపించింది. మూడో ఎగ్జాస్టు రాకరు ఒక్కటే వేలితో కదిపితే లొటలొటలాడింది. కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి వాల్వు కాడ వెంట చుక్కలు పోసి, సుత్తి కర్రపిడితో తట్టి, రాత్రంతా నాననిచ్చి తెల్లవారి మళ్లీ తట్టారు. టక్కుమని వాల్వు పైకెగిరింది. గేజిలో మూడోది 105. కొత్త ఆయిలు, కడిగిన ప్లగ్గులు, చోకు సగం. పద్మిని దగ్గింది, తుమ్మింది, వీధంతా నల్లటి పొగ ఊది లేచింది. వాకిట్లో ఆడవాళ్లు దిష్టి తీశారు.

అయివారు కళ్లజోడు తుడుచుకుని స్టీరింగు పట్టుకున్నారు. "అట్లనే కడప దాకా పోయొద్దునా?"

భాయ్ డోరుకు అడ్డం నిలబడ్డాడు. "ఉరికేది సూసినాం గానీ సార్, ఆగేది యాడ సూసినాం? బ్రేకులు ఇంకా ముట్టుకోలేదు."