సరుకుల పట్టీకి టీకా తాత్పర్యం

హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటి అత్తిబెలె వైపు పోతుంటే చందాపుర తగులుతుంది. అక్కడి పీజీలో ఉండే ఒక తెలుగు కుర్రాడు, వంటావిడ సరుకులు చెబుతుంటే తెర మీద పట్టీ పెరిగేలా పైథాన్‌లో ఒక విండో కట్టాడనుకుందాం. కవి కల్పితుడే గాని, వాక్యం మాత్రం లోకంలో చెల్లేదే.

మూలం: పట్టీ.ఇన్సర్ట్(ఎండ్, సరుకు)

ప్రతిపదార్థం: పట్టీ = లిస్ట్‌బాక్స్ అనెడి పెట్టెయందు; ఎండ్ = చిట్టచివర; సరుకు = ఇప్పుడే టైపు చేసిన కందిపప్పును; ఇన్సర్ట్ = చేర్చుము. ‘ఎండ్’ బదులు సున్నా వేస్తే కొత్త సరుకు వచ్చి అన్నిటి నెత్తినా కూర్చుంటుంది.

తాత్పర్యం: బటన్ నొక్కినప్పుడల్లా ఒక సరుకు అడుగున చేరును. ఇంతే. ఇంతేనని ఊరుకుంటే వ్యాఖ్యాతకు పూట గడవదు.

పాఠాంతరం: ఈ పెట్టెను ఇచ్చే టికింటర్ లైబ్రరీ పేరు పైథాన్ 2 ప్రతుల్లో పెద్ద ‘టీ’తో ఉంది. 2008లో వెలువడిన పైథాన్ 3లో అది చిన్న ‘టీ’ అయింది. పాత పుస్తకం చూసి రాసేవాడికి మొదటి పంక్తిలోనే చుక్కెదురు. దీని వెనకున్న టీకే అనే టూల్‌కిట్‌ను కట్టినవాడు బర్కిలీలో పనిచేసిన జాన్ ఔస్టర్‌హౌట్. కనుక ఇది టీకేకు టీకా.

శంక: మూడు సరుకులున్న జాబితాను ఒక్కసారే ఇస్తే? మూడూ ఒకే వరుసలో ‘కందిపప్పు చింతపండు బెల్లం’ అని ద్వంద్వ సమాసమై కూర్చుంటాయి. విగ్రహవాక్యం కావాలంటే జాబితా పేరు ముందు నక్షత్రం గుర్తు పెట్టాలి. అప్పుడు దేని వరుస దానిదే.

మరో శంక: పైథాన్ జాబితాకు అపెండ్ చేస్తే చాలదా? చాలదు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. జాబితా వేరు, తెర మీది పెట్టె వేరు. ఖాతా పుస్తకంలో రాసినంత మాత్రాన గోడ మీది పలక మారుతుందా? పెట్టెకు విడిగా చెప్పాల్సిందే.

అవసరం లేనిది చెప్పనని కోలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి ఆ నియమం లేదు గాని, ఈ చివరి మాట మాత్రం అవసరమైనదే. ఎత్తు వేరే చెప్పకపోతే లిస్ట్‌బాక్స్ పది వరుసలకే కడతారు. పదకొండోది చేరుతుంది, కంటికి ఆనదు. ఇన్సర్ట్ కింద ‘పట్టీ.సీ(ఎండ్)’ అని మరో పంక్తి రాస్తే పెట్టె తనంతట తానే కిందికి జరిగి చూపిస్తుంది. మన కవి ఆ పంక్తి రాయలేదు. పదకొండో సరుకు ఉప్పు.