లండన్ సరంగు

మాది కాలవగట్టు ఊరు. ఈ ఒక్క గర్వం వల్ల ఇంగ్లండులో నేను ఎంత డబ్బు తగలేశానో మా ఆవిడకి ఇప్పటికీ పూర్తి లెక్క తెలీదు. మీకైతే చెప్పొచ్చు. మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటిదే ఏదో వెలగబెట్టి ఉంటారు.

లండన్లో అద్దె కట్టే తెలుగువాడికి ఒక జబ్బు ఉంటుంది. నెల నెలా కట్టే పౌండ్లని రూపాయల్లోకి మార్చుకుని, ఆ డబ్బుతో ఊళ్లో ఏమేం కొనొచ్చో తలుచుకుని నిద్ర మానుకోవడం. ఆ జబ్బు బాగా ముదిరిన ఓ సాయంత్రం కాలవ పక్కన నడుస్తున్నాను. గులాబీలూ కోటబురుజులూ పెయింటు చేసిన నేరోబోటు అనే సన్నటి ఇంటిపడవ మీద ఒకాయన కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు. కింద డీజిల్ ఇంజను టుకటుకలాడుతోంది. ఇంటి ఓనరు లేడు, అద్దె లేదు, పై అంతస్తు వాళ్ల చప్పుడు లేదు. అంతే, నా బుర్ర అక్కడే నీళ్లలో పడింది.

ఇక కోతలు మొదలయ్యాయి. "కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర 1852 కల్లా ఆనకట్ట కట్టించి మాకు కాలవలిచ్చాడు, ఇప్పుడు నేను మీ కాలవల మీద కాపురం పెట్టి రుణం తీర్చుకుంటాను" అని ఆఫీసులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. వాళ్లు మర్యాదకి తలూపారు, నేను మెచ్చుకోలు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, మా ఊరి కాలవలో నేను ఏనాడూ పడవ నడపలేదు. రేవు మెట్ల మీద కూర్చుని, వెళ్లే పడవల్ని చూశాను. నా అనుభవం మొత్తం అదే.

నేను మెచ్చిన సెకండ్ హ్యాండ్ బోటు పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగులకి రెండంగుళాలు తక్కువ. పద్దెనిమిదో శతాబ్దంలో చాలా లాకుల్ని ఏడడుగుల వెడల్పుతో కట్టేశారు. ఆ పాపానికి ఇవాళ్టికీ నేరోబోట్లన్నీ ఇంతే సన్నం. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. "దీనివల్ల దంపతుల మధ్య అన్యోన్యత పెరుగుతుంది" అన్నాను మా ఆవిడతో. ఆవిడ నావైపు చూసిన చూపుకి అప్పుడే అర్థం తెలిసుంటే ఈ కథే ఉండేది కాదు.

కొనేముందు బోటుని నీళ్లలోంచి పైకి తీయించి, అడుగు రేకు మందం సర్వేయరు చేత కొలిపించుకోమని తెలిసినవాళ్లు మరీమరీ చెప్పారు. కొన్ని వందల పౌండ్ల ఖర్చు. గోదారి వాడికి పడవ సంగతి ఇంకొకడు చెప్పాలా? గట్టు మీద వంగి, కుండలు కొనేటప్పుడు మా అమ్మ చేసినట్టు, పిడికిలితో బోటుని కొట్టి, చెవి ఆనించి విని, "ఊఁ" అన్నాను. ఏం వినిపించిందో నాకే తెలీదు. అమ్మే పెద్దమనిషి కూడా గంభీరంగా "ఊఁ" అన్నాడు. పైగా బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. నాలుగేళ్లకోసారి ఇచ్చేది. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ పరీక్షలో చూసేది గ్యాసూ, కరెంటూ, నిప్పు ప్రమాదమూ. అడుగు రేకు ఎంత మిగిలిందో దాని పరిధిలోకే రాదు. ఆ సంగతి సంతకాలయ్యాక చదివాను. చదవడం మనకి ఎప్పుడూ సంతకం తర్వాతే కదా!

సొంత రేవు అద్దెకి తీసుకోకపోతే, 1995 నాటి చట్టం ప్రకారం ఒకచోట పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదు, కదులుతూ ఉండాలి. అద్దె తప్పించుకోవడానికి బోటు కొన్నవాడు మళ్లీ రేవుకి అద్దె కడతాడా? కదిలాం.

పాడింగ్టన్ నుంచి వచ్చే పాయ సౌతాల్ పక్కన బుల్స్ బ్రిడ్జి దగ్గర గ్రాండ్ యూనియన్ అసలు కాలవలో కలుస్తుంది. ఆ పదమూడు మైళ్ల పైచిలుకు పాయలో ఒక్క లాకూ లేదు కాబట్టి నేను మహా సరంగునని అప్పటికి నమ్మకం కుదిరిపోయింది. ఆ కలిసేచోట పడవని బాగా మలుపు తిప్పాలి. చుక్కాని కర్రని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది, తెలుసు, కానీ కంగారులో చేతికి తెలియలేదు. తోశాను, అటు పోయింది, ఇటు తోశాను, మరీ అటు పోయింది, రివర్సు వేశాను, రివర్సులో చుక్కాని మాట వినదని అప్పుడు గుర్తొచ్చింది, గాలి కొట్టింది, ముక్కు ఆ గట్టుకి తోక ఈ గట్టుకి, కాలవ మొత్తం అడ్డంగా బంద్, వెనక రెండు బోట్లు, ముందొకటి, పక్కన సూపర్ మార్కెట్ నుంచి ట్రాలీలతో జనం, ముందు భాగంలో కర్ర పట్టుకున్న మా ఆవిడ "ఏవండీ, తిప్పండీ!" అని కేక, "ఎటే?" అని నేను, అంతలో ఇంజను గురక పెట్టి ఆగిపోయింది.

గట్టు మీంచి ఓ సర్దార్జీ తాతగారు జాలిగా అడిగాడు, "కొత్తా?" అని.

"కాదు, గోదావరి" అన్నాను. అదేం జవాబో!

వెనకున్న మూత తీసి, మంచు లాంటి నీళ్లలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ప్రొపెల్లరుని తడిమితే గుడ్డ తగిలింది. కోసి లాగాను. ఎర్ర చీర, జరీ అంచుతో సహా. పక్కనే పూజ చేసి వదిలిన కొబ్బరికాయ ఒకటి తేలుతోంది. మనవాళ్లుండే సౌతాల్ కదా. "జాకెట్టు గుడ్డ కూడా దొరికితే తాంబూలం పూర్తవును" అంది మా ఆవిడ. ఆ రోజు ఆవిడ మాట్లాడింది అంతే.

తర్వాత నల్ల తారు పూయించడానికి యార్డులో బోటుని పైకెత్తించాం. అక్కడి మెకానిక్కు గేజి పెట్టి కొలిచాడు. ఆరు మిల్లీమీటర్లుండాల్సిన పక్క రేకు కొన్నిచోట్ల మూడుకి దిగింది. "సర్వే చేయించకుండానే కొన్నావా?" అన్నాడు. "చేశాను" అన్నాను. పాత రేకు మీద కొత్త రేకు వెల్డింగు చేసినందుకు అతనిచ్చిన బిల్లుతో మంచి ఫ్లాట్‌కి ఎన్నో నెలలు అద్దె కట్టొచ్చు. మా ఆవిడకి చెప్పింది అందులో సగం. మీరు మాత్రం మర్చిపోకండి, సగం.

చలికాలంలో అన్నం వండితే ఆవిరి ఇనప గోడలకి పట్టి, చారు తాలింపు వాసనతో సహా మంచం మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది. మరుగుదొడ్డి డబ్బాని మోసుకెళ్లి ఖాళీ చేసే పని ఈ ఇంట్లో మగవాడిది. తీర్మానం మా ఆవిడది.

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడొకడు, "అన్నా, నేనూ బోటు కొందామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని అడిగాడు. సర్వే గురించి, రేకు గురించి, చీర గురించి చెప్పాల్సినదంతా నాలుక చివర ఉంది. "ఆ లైఫే వేరు తమ్ముడూ, ఆదివారం మీ ఆవిణ్ణి తీసుకుని భోజనానికి రా" అన్నాను.

శనివారం రాత్రికల్లా ఆ డబ్బా ఖాళీ చేసేయాలి.